గుండె ఆపరేషనుకు ముందు రక్తపరీక్షల ప్యాకేజీ: బరంపురంలో మా అనుభవం

ఒడిశాలోని బరంపురంలో ఇంటికి మనిషిని పంపి రక్తం తీయించే ఒక ల్యాబు వారు, గుండె ఆపరేషనుకు వెళ్ళేవారి కోసమని ప్రత్యేకంగా ఒక పరీక్షల ప్యాకేజీని అమ్ముతున్నారు. మా నాన్నగారికి దానిని ఒకసారి పూర్తిగానూ, మూడు వారాల తరువాత అందులోని మూడు పరీక్షలను మాత్రం విడిగానూ చేయించాము. ఆ రెండు అనుభవాలనూ కలిపి ఈ సమీక్ష రాస్తున్నాను. ల్యాబు పేరు రాయడం లేదు. ఒంట్లో ఇన్ఫెక్షనునూ, వాపునూ పట్టిచ్చే సీఆర్‌పీ అనే పరీక్ష అంకెను చూపడంలో జరిగిన పొరపాటును వారు చివరికి ఒప్పుకున్నారు. పైగా అటువంటి పొరపాటు వారొక్కరి దగ్గరే జరుగుతుందని నేను అనుకోవడం లేదు. రిపోర్టు చేతికి వచ్చినప్పుడు కన్ను ఎక్కడ పెట్టాలో తెలిస్తే, చదివేవారు ఏ ల్యాబుకు వెళ్ళినా పనికి వస్తుంది.

మా నాన్నగారికి 69 ఏళ్ళు. ఇక్కడి పట్టు చీరల దుకాణంలో నలభై ఏళ్ళు పద్దులు రాసి మానుకున్నారు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్లు ఉంటోందని చెప్పడంతో విశాఖపట్నం తీసుకువెళ్ళి యాంజియోగ్రామ్ చేయించాము. మూడు రక్తనాళాలలోనూ అడ్డంకులు ఉన్నాయనీ, బైపాసు చేయించడమే మేలనీ అన్నారు. దూరం లెక్కన మాకు భువనేశ్వర్ దగ్గర, విశాఖ దూరం. అయినా డాక్టరుతో తెలుగులో మాట్లాడుకోవచ్చుననీ, ఉండడానికి గాజువాకలో మా అక్క ఇల్లు ఉందనీ మా వైపు చాలా కుటుంబాల లాగే మేమూ ఇచ్ఛాపురం దాటి అటే వెళ్ళాము. ఆపరేషనుకు తేదీ ఇచ్చిన రోజున సర్జన్ గారి సహాయకుడు ఒక కాగితం చేతికిచ్చి, అందులోని పరీక్షలు పది రోజుల ముందే మా ఊళ్ళో చేయించి ఫోనులో పంపమన్నాడు. ఎక్కడైనా ఇన్ఫెక్షను ఉన్నట్లు తేలితే అంత దూరం వచ్చి, చేరిన తరువాత వెనక్కి తిరిగి వెళ్ళే ఇబ్బంది తప్పుతుందన్నది వారి ఆలోచన. ఆ ఒక్క సలహాకే ఆ ఆసుపత్రికి మేము రుణపడి ఉన్నాము.

కాగితంలో ఉన్నవి పదో పన్నెండో పరీక్షలు: సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ, ఈఎస్ఆర్, మూడు నెలల షుగరు, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్, లివరు పరీక్షలు, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, బ్లడ్ గ్రూపు, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ. చివరి వరుసలో చేతిరాతతో ‘పళ్ళ డాక్టరు క్లియరెన్సు’ అని రాసి ఉంది. దానిని మేమెవరమూ పట్టించుకోలేదు. ల్యాబుకు ఫోను చేస్తే, విడివిడిగా ఎందుకండీ, 64 పరీక్షల ప్యాకేజీ ఉంది, 3,200 రూపాయలు, అని కౌంటరు అమ్మాయి చెప్పింది. ఆ 64 ఎలా వచ్చాయో తరువాత రిపోర్టు చూస్తే తెలిసింది. సీబీసీ ఒక్కదానిలోని ఒక్కొక్క వరుసనూ ఒక్కొక్క పరీక్షగా లెక్కపెట్టారు. దాని మీద డాక్టరు అడగని విటమిన్ డి, బీ12, థైరాయిడ్, హోమోసిస్టీన్ కలిపారు. కాగితంలో ఉన్న రక్త, మూత్ర పరీక్షలు మాత్రమే విడిగా చేయిస్తే 1,850 అయ్యేదని రెండోసారి వెళ్ళినప్పుడు అడిగి తెలుసుకున్నాను. ఎక్స్‌రే ఎలాగూ బయటే తీయించాలి. చీరల దుకాణంలో చీరతో పాటు జాకెట్టు గుడ్డ కలిపి ధర చెప్పడం లాంటిదే ఇదీ. తప్పనను, కానీ జాకెట్టు గుడ్డ వద్దని చెప్పే హక్కు కొనేవారికి ఉందని తెలిసి ఉండాలి.

రక్తం తీసిన తీరుకు మాత్రం ఏ వంకా పెట్టలేను. ఉదయం ఆరు గంటలకు వస్తానన్న అబ్బాయి ఆరూ పదికి వచ్చాడు, ఆలస్యమైందని క్షమాపణ కూడా చెప్పాడు. ఒడియా అబ్బాయి, కానీ మా గేటు బజారు పేట తెలుగు ధారాళంగా మాట్లాడాడు. నాన్నగారిని ‘మౌసా’ (ఒడియాలో బాబాయి) అని పిలుస్తూ, ముందుగా పేరు, వయసు ఆయన నోటితోనే చెప్పించి తన కాగితంతో సరిచూసుకున్నాడు. నాన్నగారి కుడి మణికట్టు దగ్గర యాంజియోగ్రామ్ మచ్చ చూసి, అడక్కుండానే ఎడమ చేయి చాపమన్నాడు. నరం మీద స్పిరిటు దూది రుద్ది, అది ఆరేదాకా ఆగాడు, చాలామంది ఆగరు. పసుపు మూత గొట్టం, ఈఎస్ఆర్‌కు నల్ల మూతది, ఊదా రంగు మూతది, చివరగా బూడిద రంగు మూతది, ఒకదాని తరువాత ఒకటి నింపి, ప్రతిదానినీ కుదపకుండా ఎనిమిదిసార్లు మెల్లగా తలకిందులు చేశాడు. గట్టిగా ఊపితే రక్తకణాలు పగిలి లెక్కలు తప్పుతాయని నేను అడిగితే చెప్పాడు. పేరు చీటీలు సంచిలోకి వేసుకున్న తరువాత కాకుండా, మంచం పక్కనే నిలబడి అతికించాడు. చేతికి నీలం మచ్చ కూడా పడలేదు. ఈ భాగానికి 5కి 5 ఇస్తాను.

ఇక ఈ పరీక్షలలో సీఆర్‌పీకి ఎందుకంత ప్రాముఖ్యమో కొంత చెప్పాలి, లేకపోతే తరువాత జరిగినది అర్థం కాదు. శరీరంలో ఎక్కడైనా ఇన్ఫెక్షను గానీ, గాయం గానీ, కీళ్ళవాతం వంటి వాపు గానీ ఉన్నప్పుడు, అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయన సంకేతాన్ని పంపుతాయి. దానిని అందుకుని కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీనును రక్తంలోకి వదులుతుంది. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తంలో దీనిని మొదటిసారి గుర్తించారు. కొన్ని గంటలలోనే పెరగడం మొదలై, రెండు రోజులకు పతాక స్థాయికి చేరుతుంది. కారణం తొలగితే దాదాపు 19 గంటలకొకసారి సగానికి సగం తగ్గిపోతుంది. ఇంత చురుకుగా ఎక్కి దిగుతుంది కనుకనే ఆపరేషనుకు ముందు డాక్టర్లు దీనిని అడుగుతారు. అయితే ఇది ఎక్కడ మంట పుట్టిందో చెప్పదు, ఎందుకు పుట్టిందో చెప్పదు. పొగతాగేవారిలో, షుగరు ఉన్నవారిలో, లావుపాటి వారిలో, ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారిలో ఏ ఇన్ఫెక్షనూ లేకుండానే కొంత ఎక్కువగా కనబడుతుంది.

గుండె ఆపరేషనులో మామూలుగా ఛాతీ ఎముకను నిలువునా కోస్తారు. హార్ట్ లంగ్ యంత్రం పెట్టి చేసే ఆపరేషను అయితే రక్తం శరీరం బయట ప్లాస్టిక్ గొట్టాలలో గంటల తరబడి తిరుగుతుంది. దానితోనే శరీరమంతటా పెద్ద ఎత్తున వాపు ప్రతిచర్య మొదలవుతుంది. అప్పటికే లోపల ఒక చీము మూల ఉండి, దాని మీద ఇది కూడా వచ్చి పడితే గోరుచుట్టు మీద రోకటిపోటే. 2006లో ఇటలీ వైద్యులు గుండె ఆపరేషను రోగుల మీదా, 2007లో స్కాట్లాండులోని అబెర్డీన్ వైద్యులు బైపాసు రోగుల మీదా ప్రచురించిన పరిశీలనలు ఈ సంగతినే చెబుతాయి. మొదటిదానిలో ఆపరేషనుకు ముందే సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవారికి తరువాత ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వచ్చాయి, ఆ పైన బతికిన కాలమూ తగ్గింది. రెండోదానిలో మామూలు సీబీసీలోని తెల్లకణాలలో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌ను మరో రకమైన లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఎక్కువగా ఉన్నవారిలో మరణాలు ఎక్కువగా కనబడ్డాయి. ఈ రెండూ సంబంధాన్ని చూపించేవే. సీఆర్‌పీ ఎక్కువగా ఉండడమే చేటు చేస్తుందా, లేక చేటు చేసే మరొకదానికి అది జాడ మాత్రమేనా అన్నది వాటి వల్ల తేలదు. ఆపరేషను ప్రమాదాన్ని అంచనా వేయడానికి సర్జన్లు ఎక్కువగా వాడే యూరోస్కోర్ 2 అనే లెక్కలో వయసు, మూత్రపిండాల పనితీరు, ఇన్సులిన్ మీద ఉన్న షుగరు, గుండె పంపింగు బలం వంటివి ఉన్నాయి కానీ సీఆర్‌పీ లేదు.

రిపోర్టు ఆ సాయంత్రం నాలుగింటికే వాట్సాప్‌లో వచ్చింది. మొత్తం పదిహేడు పేజీలు. మొదటి పేజీ రంగురంగుల సారాంశం: గుండె బొమ్మ, పక్కన పచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు. సీఆర్‌పీ దగ్గర ‘1.9’ అని పెద్ద అంకె, దాని మీద పసుపు పట్టీ, కింద ‘1 నుంచి 3: మధ్యస్థ ప్రమాదం’ అని ఉంది. విశాఖలో యాంజియోగ్రామ్ నాటి రిపోర్టులో సీఆర్‌పీ 7.2. ఏడు నుంచి రెండుకు దిగిందని అందరమూ సంతోషించాము. మా బావగారికి పంపితే ఆయన కూడా బొటనవేలు బొమ్మ పెట్టారు. మా ఆవిడ ఆ పూట పాయసం కూడా చేసింది.

రాత్రి పది దాటాక, ఉదయం సర్జన్ గారి సహాయకుడికి పంపడానికి పేజీలన్నీ వరుసగా పెట్టుకుంటూ ఉంటే ఆరో పేజీలో అదే సీఆర్‌పీ మళ్ళీ కనబడింది. అక్కడ 1.9 పక్కన ‘హై’ గుర్తు ఉంది, ఉండవలసిన పరిమితి 0.6 లోపు అని ఉంది. ఒకే అంకె మొదటి పేజీలో మధ్యస్థం, ఆరో పేజీలో పరిమితికి మూడింతలు ఎలా అయిందో మొదట అర్థం కాలేదు. ఫోనును వేళ్ళతో పెద్దది చేసి చూస్తే, అంకె పక్కన చీమ తలకాయంత అక్షరాలలో ‘మిల్లీగ్రాములు, డెసిలీటరుకు’ అని ఉంది. విశాఖ రిపోర్టు తీసి చూస్తే అక్కడ ‘మిల్లీగ్రాములు, లీటరుకు’. లీటరుకు పది డెసిలీటర్లు. అంటే మా నాన్నగారి సీఆర్‌పీ 7.2 నుంచి 1.9కి దిగలేదు, 7.2 నుంచి 19కి ఎక్కింది. మొదటి పేజీలో వాడిన ఒకటి, మూడు హద్దులు హెచ్ఎస్-సీఆర్‌పీ అనే సున్నితమైన పరీక్షవి. ఆరోగ్యంగా తిరుగుతున్నవారికి ముందు ముందు గుండెజబ్బు వచ్చే అవకాశాన్ని అంచనా కట్టడానికి 2003లో అమెరికా నిపుణులు లీటరు లెక్కలో పెట్టినవి. అంకె 10 దాటితే ఆ హద్దులను పక్కన పెట్టి, ఇన్ఫెక్షను ఎక్కడుందో వెతికి, రెండు వారాల తరువాత మళ్ళీ చేయాలని కూడా వారే చెప్పారు. ల్యాబు వారి కంప్యూటరు డెసిలీటరు అంకెను లీటరు హద్దులతో పోల్చి పసుపు రంగు పూసింది. ఒడియా, తెలుగు లిపుల మధ్య పెరిగినవాణ్ణి, వృత్తిరీత్యా తెలుగు మాస్టారిని, అక్షరాలను గుడ్డిగా నమ్మకూడదని పిల్లలకు చెప్పేవాణ్ణి. నేనే రంగును నమ్మి అక్షరాన్ని వదిలేశాను.

ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. మర్నాడు ఎనిమిదింటికి ల్యాబుకు ఫోను చేస్తే కౌంటరులో ‘రిపోర్టు డాక్టరుకు చూపించండి’ అనే మాటే మూడుసార్లు వినబడింది. యూనిట్ల సంగతి ఎత్తితే, సార్, కంప్యూటరు తప్పు చెప్పదు కదా, అన్నారు. నేరుగా వెళ్ళి, ల్యాబు పరీక్షలు చూసే డాక్టరైన పేథాలజిస్టు గారిని చూడాలని కూర్చుంటే పదకొండింటికి ఆవిడ వచ్చారు. రెండు నిమిషాలు చూసి, మొదటి పేజీ తప్పు, లోపలి పేజీ సరైనది, అని ఒప్పుకున్నారు. సారాంశపు పేజీని తయారుచేసేది బయటి సాఫ్ట్‌వేర్ అనీ, దానిలోని హద్దులను తాము మార్చలేదనీ చెప్పి, రక్తం నమూనా ఇంకా ఫ్రిజ్‌లో ఉంది కనుక అప్పటికప్పుడు మళ్ళీ యంత్రంలో పెట్టించారు. 1.8 వచ్చింది. సంతకం చేసి, లీటరు లెక్కలో 18 అని చేత్తో రాసి ఇచ్చారు. ఆవిడ మర్యాదకూ, నిజాయితీకీ నా మనసులోని కోపం సగం చల్లారింది. మిగిలిన సగం ఆ కౌంటరు మీదే ఉంది.

విశాఖకు ఆ సవరించిన కాగితం పంపాక ఫోను చేసిన సర్జన్ గారు సీఆర్‌పీ గురించి ఒక్క వాక్యమే మాట్లాడారు. తరువాత సీబీసీ చదవమన్నారు. తెల్లకణాలు 11,400, న్యూట్రోఫిల్స్ 78 శాతం, లింఫోసైట్స్ 14 శాతం. నెల క్రితం అవే 62, 28. నేను చదువుతూ ఉండగానే ఆయన భాగహారం చేసేశారు: అప్పుడు రెండున్నర లోపు, ఇప్పుడు ఐదున్నర. విడిగా రూపాయి ఖర్చు లేకుండా, ఊరూరా దొరికే సీబీసీలోనే దాగి ఉన్న ఈ నిష్పత్తిని 64 పరీక్షల ప్యాకేజీ ఎక్కడా అచ్చువేయలేదు. ఆ పైన ప్రశ్నలు: జ్వరం ఉందా, దగ్గు ఉందా, మూత్రంలో మంట ఉందా, కాళ్ళ మీద పుళ్ళు ఉన్నాయా. అన్నిటికీ లేదనే చెప్పాను. ‘పళ్ళ డాక్టరుకు చూపించారా?’ అని అడిగారు. నేను మాట్లాడలేదు. పక్కనుంచి మా అమ్మ అంది: “రెండు నెలలుగా ఎడమ పక్కన నమలడం లేదు కదరా, లవంగం పెట్టుకుని పడుకుంటున్నారు.” నాన్నగారు అప్పటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపరేషను తేదీ మారుతుందని భయమట.

ఆ సాయంత్రమే పళ్ళ డాక్టరు ఎడమ కింది దవడ చివరి పన్నుకు ఎక్స్‌రే తీసి, వేరు కొసన గోళీకాయంత చీము గుంట చూపించారు. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్ ఆపకుండానే పన్ను పీకి, గుడ్డ ఉండ గట్టిగా అదిమి పట్టించి, యాంటీబయాటిక్ రాశారు. ఛాతీ నొప్పి విశ్రాంతిలో రావడం లేదు కనుక సర్జన్ గారు ఆపరేషనును మూడు వారాలు వాయిదా వేశారు. నొప్పి కూర్చున్నా వచ్చే స్థితి అయితే ఆ వాయిదాకు వీలు ఉండేది కాదనీ, అప్పుడు సీఆర్‌పీ ఎంత ఉన్నా బల్ల మీదికి తీసుకోవలసిందేననీ కూడా స్పష్టంగా చెప్పారు. ఇది ముఖ్యమైన మాట. రిపోర్టులో ఎర్ర గుర్తు చూసి ఎవరికి వారు ఆపరేషను మానుకోవడమో, ఆలస్యం చేయడమో మంచిది కాదు.

ఈలోగా మందుల దుకాణంలో ఒక సలహా వచ్చింది. సీఆర్‌పీ దించడానికి ఐదు రోజులు స్టెరాయిడ్ బిళ్ళలు, వాటితో పాటు ఒక నొప్పి మాత్ర వేస్తే అంకె దానంతట అదే కిందికి వస్తుందట. అంకె వస్తుంది, నిజమే. చీము మాత్రం అక్కడే ఉంటుంది. ఆపరేషను సమయంలో వాపును అణచడానికి స్టెరాయిడ్ ఇస్తే లాభమా అని 18 దేశాలలో 7,507 మంది రోగుల మీద చేసిన సిర్స్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి, మరణాలు తగ్గలేదు. ఆపరేషనుకు ముందు కొలెస్ట్రాల్ మందు రోజువాస్టాటిన్ ఇచ్చి చూసిన స్టిక్స్ పరిశోధన 2016లో వచ్చింది. అందులో సీఆర్‌పీ తగ్గినా, గుండె లయ తప్పడం తగ్గలేదు. ఇక మామూలు నొప్పి మాత్రలలో చాలా వాటిని బైపాసు చుట్టుపక్కల రోజులలో వాడకూడదని మందు పెట్టెలోని కాగితంలోనే హెచ్చరిక ఉంటుంది. ఇవన్నీ సర్జన్ గారి సహాయకుడు ఓపికగా చెప్పినవి. దుకాణదారుకు నేను నమస్కారం పెట్టి వచ్చేశాను.

రెండోసారి అదే ల్యాబుకు వెళ్ళడానికి కారణం ఉంది. ఒక యంత్రం మీద వచ్చిన అంకెను మరొక యంత్రం అంకెతో పోల్చడం కన్నా, ఒకే యంత్రం మీద ఎక్కుదిగుడు చూడడం నయమని పేథాలజిస్టు గారే అన్నారు. ఈసారి ప్యాకేజీ వద్దని చెప్పి సీబీసీ, సీఆర్‌పీ, ఈఎస్ఆర్ మాత్రం చేయించాము, 620 రూపాయలు. వచ్చింది అదే అబ్బాయి. సీఆర్‌పీ 0.4, అంటే లీటరుకు 4. న్యూట్రోఫిల్స్ 60, లింఫోసైట్స్ 29. ఈఎస్ఆర్ మాత్రం 46 నుంచి 38కే దిగింది. నాన్నగారు దానిని పట్టుకుని మళ్ళీ దిగులు పడ్డారు. ఈఎస్ఆర్ అంటే నిలువు గొట్టంలో పోసిన రక్తంలో ఎర్రకణాలు ఒక గంటలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయన్న కొలత. రక్తంలోని ఫైబ్రినోజెన్ వంటి ప్రొటీన్ల మీద ఆధారపడుతుంది కనుక కారణం తొలగినా వారాల తరబడి మెల్లగా తగ్గుతుంది. వయసు వల్లా, రక్తహీనత వల్లా కూడా ఎక్కువగా ఉంటుంది. సర్జన్ గారు దానిని చూసీ చూడనట్లు వదిలేశారు. ఆపరేషను ముందు మూడు వారాల వ్యవధిలో మార్పు పట్టుకోవడానికి ఈఎస్ఆర్ కన్నా సీఆర్‌పీయే పనికి వస్తుందని నాకు అనిపించింది. ఇకముందైతే ఈఎస్ఆర్ డబ్బు మిగుల్చుకుంటాను.

ఆపరేషను అయింది. మూడో రోజున ఐసీయూ బయట సీఆర్‌పీ 164 అని విన్నప్పుడు నా కాళ్ళు చల్లబడ్డాయి. అక్కడి డ్యూటీ డాక్టరు నవ్వి, ఛాతీ తెరిచాక ఎవరికైనా అంత అవుతుందండీ, రెండు మూడు రోజులకు పతాక స్థాయికి వెళ్ళి దిగుతుంది, దిగకుండా మళ్ళీ ఎక్కితేనే మేము వెతుకుతాము, అన్నారు. ఐదో రోజుకు 90 అయింది, ఇంటికి పంపేనాటికి 30 చిల్లర. కానీ అంతా సాఫీగా జరిగిందని చెబితే అబద్ధం అవుతుంది. రెండో రాత్రి నాన్నగారి గుండె లయ తప్పి, నాడి 140కి వెళ్ళింది. మందు ఎక్కించి మర్నాటికి దారికి తెచ్చారు. బైపాసు చేయించుకున్నవారిలో దాదాపు నాలుగో వంతు మందికి ఇలా అవుతుందనీ, ముందు సీఆర్‌పీ మామూలుగా ఉన్నవారికీ అవుతుందనీ చెప్పారు. పన్ను పీకించకుండా వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఛాతీ గాయం మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా మానింది.

ఇప్పుడు ప్యాకేజీ గురించి నా తీర్పు. రక్తం తీసే సేవ, లోపలి పేజీలలోని అంకెలు, పేథాలజిస్టు గారి బాధ్యత నమ్మదగినవి. ఆ రంగుల మొదటి పేజీకి 5కి 1 కూడా ఎక్కువే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి విశాఖకో శ్రీకాకుళానికో ఆపరేషనుకు వెళ్ళేవారు డాక్టరు కాగితంలో ఉన్నవే విడిగా చేయించుకుంటే చాలు. ఇంకొక సంగతి, చిన్న ఊళ్ళలో కొన్ని చోట్ల సీఆర్‌పీని గాజు పలక మీద లేటెక్స్ చుక్కతో చూసి పాజిటివ్, నెగటివ్ అని మాత్రమే రాసి ఇస్తారు. ఎక్కుదిగుడు చూడడానికి అది చాలదు. అంకె వచ్చే పద్ధతిలో చేస్తారా అని ముందుగా అడగండి. కీళ్ళవాత జ్వరంతో చెడిన వాల్వు మార్పిడికి వెళ్ళే కుర్రవాళ్ళ సంగతి వేరు. వారికి సీఆర్‌పీ ఎక్కువైతే ఆ పాత జ్వరమే మళ్ళీ రగిలిందేమోనని కూడా చూస్తారు, ఆ జ్వరానికి మూలమైన గొంతు ఇన్ఫెక్షను జాడ చూపే ఏఎస్ఓ పరీక్ష అడుగుతారు, పళ్ళ పరీక్ష విషయంలో అసలే మినహాయింపు ఇవ్వరు. అటువంటి కుర్రవాళ్ళకు ఆ ప్యాకేజీ మరీ పనికిరాదు, 64 పరీక్షలలో ఏఎస్ఓ లేదు.

మొన్న మా వీధి చివరి ఇంట్లో ఒకాయనకు అదే ప్యాకేజీ చేయించారు. రిపోర్టు నాకు పంపి చూడమన్నారు. అంకె 0.5, పచ్చ రంగు, అంతా బాగుంది. మొదటి పేజీ కింది అంచున ఇప్పుడు కొత్తగా ఒక వాక్యం చేర్చారు: ‘వివరాలకు లోపలి పేజీలు చూడండి’ అని. యూనిట్ మాత్రం ఇంకా రాయలేదు.